పది నిమిషాల్లో మన పరిశోధన

ప్రాజెక్టు చేయడం ఒక ఎత్తయితే, దాన్ని పదిమంది ముందు నిలబడి చెప్పడం మరో ఎత్తు. మొదటి పనిలో మన హాస్టల్ విద్యార్థులు ఎవరికీ తీసిపోరు. ఎండలో తిరిగి బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకురావడం, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవడం, పత్తి చేనులో గంటలకొద్దీ నిలబడటం మనకు కొత్త కాదు. చిక్కంతా రెండో పనిలోనే వస్తుంది. ఫైలు చేతిలో పట్టుకొని, తల వంచుకొని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాం. నాలుగో పేజీకి వచ్చేసరికి గంట కొడతారు. మనం కష్టపడి కనుక్కున్న విషయం తొమ్మిదో పేజీలోనే ఉండిపోతుంది.

ఈ వ్యాసం ఆ తొమ్మిదో పేజీని బయటికి తీసుకురావడం గురించి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. సెమినార్ అంటే ఏమిటి, అందులో ఎలా మాట్లాడాలి అని ఇంట్లో అడిగి తెలుసుకునే అవకాశం లేదు. మన హాస్టల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే కాబట్టి, పి.జి. దాకా వచ్చే దారిలో నేర్చుకున్నవి తమ్ముళ్ళ కోసం ఒకచోట రాస్తున్నాను.

అవకాశాలు తక్కువేమీ లేవు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తామే పరిశీలించి, తామే చెప్పడానికి ఏర్పడిన వేదిక. ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల వారి కోసం తెలంగాణ కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీలు పెట్టింది. వీటన్నిటిలోనూ న్యాయనిర్ణేతల ముందు మనకు దొరికే సమయం కొద్ది నిమిషాలే. నెలల కష్టాన్ని ఆ కొద్ది నిమిషాల్లోనే చూపాలి.

రాసింది వేరు, చెప్పేది వేరు

మొదట గుర్తుంచుకోవలసింది ఇది. ప్రాజెక్టు రిపోర్టు చదివేవారి కోసం రాసేది. అర్థం కాకపోతే వారు పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదువుకోగలరు. వినేవారికి ఆ వీలు లేదు. మన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కసారే వినబడుతుంది. అందుకని రిపోర్టును కుదించి చదివితే అది ప్రజెంటేషన్ కాదు. రిపోర్టులో అన్నీ ఉండాలి. ప్రజెంటేషన్‌లో ముఖ్యమైనది ఒక్కటి ఉండి, మిగతావన్నీ దానికి తోడుగా నిలవాలి.

ఆ ముఖ్యమైన ఒక్కటీ ఏమిటో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మిత్రుడు మెస్‌లో పక్కన కూర్చుని “ఏం కనుక్కున్నారురా?” అని అడిగాడనుకోండి. ప్లేటులో అన్నం చల్లారకముందే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే స్లైడ్లు, చార్టులు మొదలుపెట్టవద్దు. ఆ వాక్యం దొరికేదాకా ఆలోచించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం

ఉత్త సలహాలు చెబితే వంటబట్టవు కనుక ఒక ప్రాజెక్టును ఊహించుకుందాం. విషయం: హాస్టల్లో కారే నల్లాలు. ఖర్చు లేని ప్రాజెక్టు. కావలసినవి ఒక లీటరు సీసా, గడియారం, నోటుబుక్కు.

కారే నల్లా కింద సీసా పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూశామనుకుందాం. మొదటిసారి 18 నిమిషాలు, రెండోసారి 22, మూడోసారి 20 పట్టింది. సగటు 20 నిమిషాలు. అంటే గంటకు 3 లీటర్లు, రోజుకు 72 లీటర్లు. అటువంటి నల్లాలు ఐదు ఉంటే రోజుకు 360 లీటర్లు. నెలకు 10,800 లీటర్లు.

ఇప్పుడు దీన్ని రెండు రకాలుగా మొదలుపెట్టవచ్చు. మొదటి రకం: “నీరు ప్రాణాధారము. భూమిపై మూడు వంతులు నీరు ఉన్నది. జలసంరక్షణ మనందరి బాధ్యత.” ఇది అందరూ చెప్పేదే. వినేవారు అప్పుడే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతారు. రెండో రకం: “మా హాస్టల్లో ఉదయం స్నానానికి చివరన వచ్చినవారికి నీళ్ళు ఉండవు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి అని మేము వెతికాము.” ఇది వినగానే ఎటు పోతున్నాయో తెలుసుకోవాలని వారికీ అనిపిస్తుంది. మనకు వచ్చిన సందేహం వారికీ కలగాలి. మొదటి నిమిషంలో చేయవలసిన పని అదొక్కటే.

సమయాన్ని పంచుకోవడం

మాట్లాడటానికి ఎనిమిది నిమిషాలు, ప్రశ్నలకు రెండు నిమిషాలు ఇచ్చారనుకుందాం. ఆ ఎనిమిదినీ ఇలా పంచుకోవచ్చు.

మొదటి నిమిషం: మా సందేహం ఏమిటి, అది ఎక్కడ పుట్టింది.
రెండో నిమిషం: అది ఎవరికి ముఖ్యం, ఎందుకు.
మూడు, నాలుగు నిమిషాలు: ఎలా కొలిచాము, ఎన్నిసార్లు, ఎవరెవరం.
ఐదు, ఆరు, ఏడు నిమిషాలు: ఏమి తేలింది.
ఎనిమిదో నిమిషం: ఏమి తేలలేదు, ఇక ఏమి చేయాలి.

మనలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పీఠికకు నాలుగు నిమిషాలు, కృతజ్ఞతలకు ఒక నిమిషం పోతాయి. ఫలితం చెప్పే సమయానికి “త్వరగా ముగించండి” అంటారు. ప్రిన్సిపాల్ గారికి, గైడ్ సార్ గారికి, వార్డెన్ గారికి ధన్యవాదాలు తప్పక చెప్పాలి. అయితే అవి చివరన ఒకే వాక్యంలో ఉంటే వారేమీ అనుకోరు.

“ఏమి తేలలేదు” అన్న భాగాన్ని వదిలేయవద్దు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నల్లా వేగంగా కారుతుంది, ట్యాంకు ఖాళీ అవుతుంటే నెమ్మదిస్తుంది. మనం ఉదయం మాత్రమే కొలిచి ఉంటే, రోజుకు 72 లీటర్లు అన్నది కచ్చితమైన లెక్క కాదు, ఒక అంచనా. ఆ మాట మనమే ముందు చెబితే అది నిజాయితీ. న్యాయనిర్ణేత అడిగాక ఒప్పుకుంటే తడబాటుగా కనిపిస్తుంది. విషయం ఒకటే, చెప్పే వేళను బట్టి విలువ మారుతుంది.

అంకె కళ్ళకు కట్టాలి

“నెలకు 10,800 లీటర్లు” అంటే వినేవారికి పెద్ద అంకె అని తెలుస్తుంది కానీ ఎంత పెద్దదో తెలియదు. 18 లీటర్ల బకెట్టు లెక్కన చూస్తే రోజుకు పోయే 360 లీటర్లు సరిగ్గా 20 బకెట్లు. “రోజూ ఇరవై మంది స్నానం చేసే నీళ్ళు, ఎవరూ స్నానం చేయకుండానే మోరీలో కలుస్తున్నాయి” అంటే ఆ లెక్క మనసులో నిలిచిపోతుంది. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు చూడనివారు ఉండరు. “నెలకు దాదాపు 11 ట్యాంకులు” అన్నా చాలు.

ఇంకో మాట. పది అంకెలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. రెండు మూడు ఎంచుకోవాలి. మిగతావి రిపోర్టులో ఎలాగూ ఉంటాయి. లేని అంకెను మాత్రం పుట్టించవద్దు. మూడుసార్లు కొలిచి పదిసార్లు అని చెబితే, “ఏడోసారి ఎంత వచ్చింది?” అన్న ఒక్క ప్రశ్నతో అంతా బయటపడుతుంది. మూడుసార్లే కొలిచామని చెప్పడంలో చిన్నతనం లేదు.

పెద్ద మాటలను విడమర్చి చెప్పడం

సైన్స్ ప్రాజెక్టుల్లో పారిభాషిక పదాలు తప్పవు. పదం వాడినందువల్ల నష్టం లేదు, విప్పకుండా వదిలేస్తేనే నష్టం. మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బెజ్జూరు అడవుల వైపు, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి దగ్గరలో పాలరాపు గుట్ట ఉంది. ఆ కొండ చరియల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొని ఉన్నట్టు 2013లో గుర్తించారు. ఈ జాతి అంతరించే దశకు ఎలా వచ్చింది అన్నది మన ఉపఖండంలో జరిగిన గొప్ప పరిశోధనల్లో ఒకటి.

దాన్ని ఇలా చెప్పవచ్చు: “డైక్లోఫెనాక్ అనే నాన్ స్టిరాయిడల్ యాంటీ ఇన్‌ఫ్లమేటరీ ఔషధ అవశేషాల వలన జిప్స్ ప్రజాతి పక్షులలో మూత్రపిండ వైఫల్యం సంభవించినది.” ఇందులో తప్పు లేదు, కానీ తొమ్మిదో తరగతి తమ్ముడికి ఏమీ అందదు. ఇలా కూడా చెప్పవచ్చు: “పశువుకు నొప్పి తగ్గడానికి సూది వేశారు. పశువు చనిపోయింది. కళేబరాన్ని రాబందులు తిన్నాయి. పశువు ఒంట్లో మిగిలిన మందు రాబందు కిడ్నీలను పాడుచేసింది. ఆ మందు పేరు డైక్లోఫెనాక్.” ఒకదాని వెంట ఒకటి, గొలుసు కొక్కేల్లా. పేరు చివరన వచ్చింది కనుక పేరు కూడా గుర్తుంటుంది.

పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను పరీక్షించి పరిశోధకులు ఈ విషయాన్ని 2004లో ప్రచురించారు. 2006లో మన దేశం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. పరిశోధనకూ ప్రభుత్వ నిర్ణయానికీ మధ్య గడిచింది రెండేళ్లే. కారణాన్ని అంత స్పష్టంగా చెప్పగలిగారు కాబట్టే అధికారులకు, రైతులకు, పశువైద్యులకు అది అర్థమైంది. చెప్పే తీరు బాగుంటే పరిశోధన కాగితం దాటి వెళుతుంది.

చార్టులు, స్లైడ్లు

చార్టు మన మాటకు తోడు, మన మాటకు బదులు కాదు. చార్టు మీద రాసిందే మళ్ళీ చదివితే, వినేవారు మనకంటే ముందే చదివేసి ఖాళీగా కూర్చుంటారు.

చార్టు రాసేటప్పుడు ఒక్కో దానిమీద ఒక్క విషయమే ఉండాలి. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో తెలియాలంటే, చార్టును మెస్ హాలు గోడకు అంటించి అవతలి చివర నుంచి చదివి చూడాలి. చదవలేకపోతే మళ్ళీ రాయాలి. పసుపు, లేత ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు దూరానికి కనబడవు. నలుపు, నీలం వాడి, ముఖ్యమైన ఒక్క అంకెకు ఎరుపు ఉంచుకోవాలి.

స్లైడ్లకూ ఇదే సూత్రం. ఒక స్లైడులో ఐదారు పంక్తులకు మించవద్దు. అక్షరాలు ఎగురుతూ రావడం, గిర్రున తిరగడం వంటివి వద్దు. చూసేవారు ఆ ఆటను చూస్తారు, విషయాన్ని వదిలేస్తారు. తెలుగులో టైపు చేసిన స్లైడ్లు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంటు లేక గడులు గడులుగా కనిపించే ప్రమాదం ఉంది. పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లోనూ, ఫోన్‌లోనూ ఉంచుకుంటే నిశ్చింత. కరెంటు పోవచ్చు, ప్రొజెక్టర్ మొరాయించవచ్చు. అందుకే ముఖ్యమైన రెండు బొమ్మలు చార్టు మీద కూడా ఉండాలి. ఏదీ లేకపోయినా నోటితో చెప్పగలిగేంతగా విషయం మనలో ఉండాలి.

చేతిలో ఒక వస్తువు

చూపించగల వస్తువు ఒకటి ఉంటే పది స్లైడ్ల పని చేస్తుంది. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోయారు. రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగు చలికి బిగుసుకుపోవడం కారణమని నిపుణులు అనుకున్నారు. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫేన్‌మన్ పొడవైన ఉపన్యాసం ఇవ్వలేదు. అందరి ముందూ ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపుతో నొక్కి, ఐసు నీళ్ళ గ్లాసులో ముంచాడు. కాసేపటికి తీసి బిగింపు విప్పాడు. రబ్బరు వెంటనే మునుపటి ఆకారానికి రాలేదు. అంతే, లోకమంతటికీ అర్థమైంది.

మన నల్లా ప్రాజెక్టులోనూ అటువంటి రబ్బరు ముక్క ఒకటి ఉంది. అదే నల్లా లోపలి వాషర్. అరిగిపోయిన పాత వాషర్‌ను, కొత్త వాషర్‌ను పక్కపక్కన పెట్టి న్యాయనిర్ణేతల చేతికి ఇవ్వండి. “సార్, రోజూ ఇరవై బకెట్లు పోవడానికి కారణం ఇదీ” అనండి. ఇక మర్చిపోరు. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట ప్రభుత్వ పాఠశాల విద్యార్థిని ఒకరు హరితహారం మొక్కల ప్లాస్టిక్ సంచులకు బదులుగా వేరుశనగ పొట్టుతో కుండీలు తయారుచేసి పేరు తెచ్చుకున్న విషయం పత్రికల్లో చదివే ఉంటారు. కుండీని చేతిలో పట్టుకొని, మొక్కతో సహా మట్టిలో పెట్టవచ్చని చెబితే ఇక వివరణ ఎంత కావాలి?

భాష, భయం

మనలో చాలామందిని వెనక్కి లాగేది భాష. ఆసిఫాబాద్ ప్రాంతంలో ఇంట్లో గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు. తెలుగు మాట్లాడేవారి యాస కూడా పుస్తకాల తెలుగులా ఉండదు. ఇక ఇంగ్లీషు సరేసరి. ఇంగ్లీషులో చెబితేనే గొప్ప అనుకొని, ఎవరో రాసిచ్చిన నాలుగు పేజీలు బట్టీ పట్టేవారు ఉన్నారు. బట్టీలో ఒక్క మాట తప్పితే తర్వాతి మాట రాదు. అడిగిన ప్రశ్నకు జవాబు బట్టీలో ఉండదు.

తెలుగులో చెప్పే వీలున్న చోట తెలుగులోనే చెప్పండి. ఇంగ్లీషు తప్పనిసరి అయితే చిన్న చిన్న వాక్యాల్లో మీరే రాసుకోండి. “మేము కొలిచాము. ఇంత వచ్చింది. కారణం ఇది.” ఇంత చిన్న వాక్యాలకు ఏ భాషలోనైనా తడబడనవసరం లేదు. యాస గురించి సిగ్గుపడవద్దు. మన ఊరి విషయాన్ని మన ఊరి మాటలో చెబితే, ఇది వీళ్ళు స్వయంగా తిరిగి చేసిన పనే అని వినేవారికి నమ్మకం కలుగుతుంది.

భయం అందరికీ ఉంటుంది. పూర్తిగా పోదు, పోనవసరం కూడా లేదు. మొదటి రెండు వాక్యాలను మాత్రం నిద్రలో లేపినా చెప్పగలిగేలా సిద్ధం చేసుకోండి. అవి సాఫీగా వస్తే గొంతు కుదుటపడుతుంది. మూడో వాక్యం నుంచి మనం చేసిన పనే మనకు దారి చూపుతుంది. చేతులు వణుకుతుంటే కాగితం పట్టుకోవద్దు, కాగితం ఇంకా వణుకుతుంది. చిన్న అట్టముక్క మీద ఐదు మాటలు రాసుకొని ఉంచుకుంటే చాలు: సందేహం, ఎందుకు, ఎలా, ఏమి తేలింది, ఇక ముందు.

సాధన

ఈత పుస్తకం చదివితే రాదు, నీళ్ళలో దిగాలి. సాధనకు హాస్టల్ కంటే మంచి చోటు లేదు. ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు అద్దం ఒక్కటే శ్రోత. మనకు ఒక్కో గదిలో పదిమంది శ్రోతలు ఉన్నారు.

మూడు మెట్లు చెబుతాను. మొదట గడియారం పెట్టుకొని ఒంటరిగా చెప్పి చూడాలి. మొదటిసారి ఎనిమిది నిమిషాలది పన్నెండు అవుతుంది. వేగం పెంచవద్దు, విషయం తగ్గించాలి. రెండోది, మీ ప్రాజెక్టు గురించి తెలియని చిన్న తరగతి తమ్ముడికి చెప్పాలి. చెప్పాక “నాకు ఏం చెప్పానో నువ్వు చెప్పు” అని అడగాలి. అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడే మన వివరణ లోపించిందని అర్థం. మూడోది, పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ ఒక ప్రశ్న తప్పక అడగాలని నియమం పెట్టాలి. ఎంత చెత్త ప్రశ్న అయినా సరే. వచ్చిన ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. పోటీలో అడిగేవాటిలో సగం వాటిలోనే ఉంటాయి.

జట్టుగా చేసిన ప్రాజెక్టు అయితే గలగలా మాట్లాడేవాడికే మైకు ఇచ్చి, సీసా పట్టుకొని గంటలు కూర్చున్నవాణ్ణి చార్టు పట్టుకొమ్మని నిలబెట్టవద్దు. కొలిచినవాడే కొలిచిన భాగం చెప్పాలి. అతని మాట తడబడినా అందులో పస ఉంటుంది.

ప్రశ్నలంటే పరీక్ష కాదు

ప్రశ్న అడిగితే తప్పు పట్టుకున్నారని మనం బెదిరిపోతాం. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి జీవితంలోని ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన, కలకత్తాలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి సందేహం అడిగాడు. పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అని. రావు గారి వద్ద అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని పనిచేసి, దాన్ని సాధించారు. 1945లో ప్రచురితమైన ఆ ఫలితమే ప్రపంచమంతా క్రామర్-రావు అసమానతగా చదువుకుంటోంది. 2023లో ఆయన అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 102 ఏళ్లు. అదే ఏడాది కన్నుమూశారు.

పాఠం చెప్పే గురువు దగ్గరే అప్పటికప్పుడు జవాబు లేదంటే, మన దగ్గర లేకపోతే తలవంపులేమీ లేదు. ప్రశ్నను పూర్తిగా విని, అర్థం కాకపోతే “మీరు అడిగింది ఇదేనా సార్?” అని మళ్ళీ అడగవచ్చు. తెలిస్తే రెండు వాక్యాల్లో జవాబు చెప్పి ఆపాలి. తెలియకపోతే “అది మేము కొలవలేదు సార్. కొలవాలంటే రాత్రి కూడా సీసా పెట్టి చూడాలి” అనాలి. తెలియదని చెప్పడమే కాక, ఎలా తెలుసుకోవచ్చో కూడా చెప్పినట్టవుతుంది. పరిశోధన చేసే విద్యార్థి నుంచి న్యాయనిర్ణేతలు ఆశించేది అదే.

ఎవరి దగ్గర తీసుకున్నామో వారికి తిరిగి చెప్పాలి

ప్రైజు వచ్చినా రాకపోయినా చేయవలసిన ఇంకొక ప్రజెంటేషన్ ఉంది. మనం సర్వే చేసిన గూడెంలో, వాడలో, మన హాస్టల్లో ఆ ఫలితాన్ని చెప్పాలి. సర్వేలో వివరాలిచ్చినవారి పేర్లు వేదికల మీద చెప్పవద్దు, వారి అనుమతి లేకుండా ఫోటోలు చూపవద్దు. కానీ వారు ఇచ్చిన వివరాల నుంచి ఏమి తేలిందో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు వారిది.

మన జిల్లాలో పరిశోధన ఎంత పని చేయగలదో చూపిన చరిత్ర ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల స్థితిగతులు తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన జైనూర్ దగ్గరి మార్లవాయిలో గోండుల మధ్యే నివసించాడు, వారి భాష నేర్చుకున్నాడు. ఆయన చెప్పినదాని వెనుక ఆ ఊళ్ళో గడిపిన రోజులు ఉన్నాయి కాబట్టే ప్రభుత్వం విన్నది. వేల గిరిజన కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి భాషలో పాఠాలు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన చనిపోయాక ఆయన అస్థికలూ అక్కడికే చేరాయి.

హైమన్‌డార్ఫ్‌ను గౌరవిస్తూనే ఒక మాట అనుకోవాలి. ఆనాడు మన అడవుల గురించి, మన భూముల గురించి, మన ఆకలి గురించి చెప్పడానికి ఎక్కడో వియన్నా నుంచి ఒక మనిషి రావలసి వచ్చింది. వినేవారు మన పెద్దల మాట వినలేదు, ఆయన నివేదికను విన్నారు. ఈనాడు ఆ గూడేల నుంచి, ఆ వాడల నుంచి వచ్చిన మనమే డిగ్రీలు, పి.జి.లు చదువుతున్నాం. మన సమస్యను మనమే కొలిచి, మనమే రాసి, మనమే నిలబడి చెప్పగలం. చెప్పకపోతే మళ్ళీ ఇంకొకరు చెబుతారు, వారికి తోచినట్టు చెబుతారు. అందుకే ఈ పది నిమిషాలు మార్కుల కోసం మాత్రమే కాదు.

చివరిగా ఒక కోరిక. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు, ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, నెలకొక ఆదివారం హాస్టల్‌కు వచ్చి ఒక గంట శ్రోతలుగా కూర్చుంటే చాలు. తమ్ముళ్ళు తమ ప్రాజెక్టులు చెబుతారు, మీరు ప్రశ్నలు అడగండి. చందాల కంటే అది పెద్ద సాయం. తమ్ముళ్ళు మాత్రం అన్నల కోసం ఎదురుచూడవద్దు. ఈ సాయంత్రమే ఒక సీసా తీసుకొని కారే నల్లా కింద పెట్టండి, గడియారం చూడండి. తేలిన లెక్క మొదట వార్డెన్ గారికి చెప్పండి. వాషర్ మారితే, మీ మొదటి ప్రజెంటేషన్ నెగ్గినట్టే.